ఏడవకూడని ఇంటికి ఏడుపు పుస్తకం

గ్రంథాలయం ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తూంటారు. కాఫీ తాగుతూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, మీరు ఏ పోస్టులో రిటైరయ్యారు?" ఏ పోస్టులో అయితే ఏం తల్లీ, ఇప్పుడు చిక్కుడుకాయల ఈనెలు తీసే పోస్టులో ఉన్నాను. సర్వీసు రికార్డులో ఉన్న సంగతులు చెప్పి మిమ్మల్ని విసిగించను. అవి నాకే గుర్తులేవు. నాకు ఉద్యోగం నేర్పిన ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి సంగతి చెప్తాను. పనికొస్తే ఉంచుకోండి, లేకపోతే కాఫీ తాగి వెళ్ళండి.

సంచీ, ఎండ, ఆడవాళ్ళు

అరవైల చివరి రోజులు. విజయనగరంలో పుట్టి, అక్కడే చదువుకున్న నన్ను తీసుకొచ్చి నరసన్నపేట దగ్గర ఒక పెద్ద ఊళ్ళో, చిన్న శాఖా గ్రంథాలయంలో వేశారు. ఊరి పేరు చెప్పను. ఆ ఇంటి తాలూకు మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళ ఇంటి గుట్టు వాళ్ళది.

గ్రంథాలయంలో ఇద్దరమే. లైబ్రేరియన్ గారు, నేను. ఆయన్ని ఊరంతా పంతులుగారు అనేది, నేనూ అదే అనేదాన్ని. పొద్దున్నే మగవాళ్ళు వచ్చి పేపరు నాలుగు ముక్కలు చేసి తలో ముక్కా చదువుకుని, దేశం ఎలా నడపాలో అరుచుకుని పోయేవారు. ఆడవాళ్ళు మాత్రం మా మెట్టు ఎక్కేవారు కారు. అందుకని వాళ్ళ దగ్గరికే పుస్తకాలు చేర్చడం నా పని. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుడ్డసంచీ భుజాన వేసుకుని వీధులు తిరిగేదాన్ని. "పుస్తకాలమ్మొచ్చినాదర్రా!" అని ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదకి కేక వెళ్ళేది. నా అసలు పేరు ఆ ఊళ్ళో పోస్టుమాస్టరుకి తప్ప ఎవరికీ తెలియదు.

వాళ్ళకి కావలసినవి నవలలు. వారపత్రికల్లో సీరియల్స్ కోసం జనం వెర్రెత్తి ఊగుతున్న కాలం అది. ప్రేమించడం, విడిపోవడం, ఒకళ్ళు పోవడం, మిగిలినవాళ్ళు కుమిలిపోవడం. చదువొచ్చిన కోడలో కూతురో పైకి చదివితే, పదిమంది చుట్టూ కూర్చుని చింతపండు పిక్కలు తీసుకుంటూ వినేవారు. పంతులుగారు వాటిని "ఏడుపు పుస్తకాలు" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముక్కు కొంచెం పైకి లేచేది.

నాకు మాత్రం అవి ప్రాణం. ఒకసారి శ్రీకాకుళం బస్సులో ఒక నవల చివరి పేజీలు చదువుతూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే కండక్టరు టికెట్టు డబ్బులు అడగడం మానేసి, "ఏటమ్మా, ఎవులైనా పోనారేటి?" అన్నాడు. నవలండీ అని చెప్పడానికి సిగ్గేసి, అవునన్నాను. దిగేదాకా బస్సంతా నన్ను పరామర్శించింది.

అయితే అన్ని ఏడుపులూ ఒకటి కావు, ఇది మీరు నేర్చుకోవాలి. కొందరు రచయితలు ప్రతి ప్రకరణంలోనూ ఒకర్ని చంపుతారు. మనం ఏడవకముందే తామే బావురుమంటారు. అలాంటివి చదివాక తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. మంచి రచయిత మనిషిని పోగొట్టాక, మిగిలినామె మర్నాడు పొద్దున్న లేచి పొయ్యి ఎలా రాజేసిందో రాస్తాడు. నా ఏడుపు ఎప్పుడూ ఆ పొయ్యి దగ్గరే వచ్చేది.

పంతులుగారి సూత్రం

నేను చెప్తానన్న ఇల్లు లచ్చుంనాయుడుగారిది, పల్లం పొలమున్న రైతు కుటుంబం. ఆయన భార్య గౌరమ్మ, ఒక్కగానొక్క కొడుకు సూరి, కోడలు పార్వతి. ఆ పిల్ల ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది, నాకు మంచి పాఠకురాలు. సంచీలో కొత్త పుస్తకం ఉంటే దాన్ని వాసన చూసి మరీ తీసుకునేది. సూరి పొలం నుంచి వచ్చి, "ఈ ఇంట్లో అన్నం కంటే కాయితాలెక్కువైపోనాయి" అని ఆట పట్టించేవాడు. "పో బావా" అనేది తను.

వరికోతలప్పుడు సూరిని పాము కరిచింది. ఆస్పత్రికి బండి కట్టేలోపే పోయాడు. ఊరు ఊరంతా వాళ్ళ వాకిట్లో ఉంది ఆ రోజు. నేనూ వెళ్ళాను గాని పార్వతి ముఖం చూడలేక గుమ్మంలోంచే వచ్చేశాను.

దినవారాలు అయ్యాక మళ్ళీ ఆ ఇంటికి సంచీ తీసుకెళ్ళాలా వద్దా అని పంతులుగారిని అడిగాను. "వెళ్ళు. కానీ చావు జరిగిన ఇంటికి ఏడుపు పుస్తకం ఇవ్వకూడదు. పుండు మీద కారం చల్లినట్టు. దేవుడి కథలివ్వు, లేదా నవ్వొచ్చేవి ఇవ్వు" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. భక్తి పుస్తకాలు, హాస్య కథలు ఏరి ఏరి తీసుకెళ్ళాను. పార్వతి తీసుకునేది. మళ్ళీ వెళ్ళినప్పుడు, "బాగున్నాదండి" అని తిరిగిచ్చేసేది. ఏం బాగుందమ్మా అంటే నేల చూపులు చూసేది. మనిషి సగమైపోయింది. గౌరమ్మ సరే సరి, ఊళ్ళో గయ్యాళి అని పేరున్న ఆవిడ, నోట్లో మాట లేకుండా తిరిగేది. ఆ ఇంట్లో అడుగు పెడితే గిన్నె చప్పుడు కూడా వినపడేది కాదు.

పార్వతి అడిగింది

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, సంచీలోంచి నేనేదో తీయబోతుంటే పార్వతి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇవొద్దు. ఏడుపొచ్చేది ఒకటియ్యి."

నేను తెల్లబోయాను. "ఇప్పుడు నీకెందుకే అలాంటివి?"

గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా ఇంట్లో ఏడవకూడదు. పెద్దదినం అయిపోనాక మావ సెప్పీసినాడు. ఏడుత్తా కూకుంటే పోయినోడు గడప దాటనేడంట. ఆడ్ని ఎల్లనియ్యండి, ఇంకెవులైనా ఏడిస్తే నానూరుకోను అన్నాడు. అత్త కూడా నోరు మూసీసినాది. నాకు గుండెల్లో రాయి కూకున్నట్టుగున్నాది. పుస్తకం సదివి ఏడిస్తే మావ ఏటంటాడు? పుస్తకానికి ఏడుత్తన్నాను అంతాను."

నేను సంచీ పక్కన పెట్టాను. తనే మళ్ళీ అంది.

"మా అన్న మొన్నొచ్చి మారుమనువు మాట సెప్పినాడు. మావ కూడా సేసుకోమంతన్నాడు. నాను సేసుకోనని కాదు. మా బావకి ఏడవకుండా ఇంకొకల గుమ్మం ఎలగెక్కుతానమ్మా? ఒక్కపాలి కడుపారా ఏడిసి ఎల్తాను."

ఆ రైతు కులాల్లో మొగుడు పోయిన పిల్లకి మారుమనువు చెయ్యడం ఉంది, తప్పు పట్టేవాళ్ళు లేరు. పైకులాల ఇళ్ళల్లో పుట్టిన మాలాంటివాళ్ళు నేర్చుకోవలసిన పద్ధతి అది. కానీ ఆ పిల్ల అడిగింది మనువు సంగతి కాదు. ఏడవడానికి ఒక వంక అడిగింది. పంతులుగారి సూత్రం ఆ క్షణంలోనే నా మనసులోంచి జారిపోయింది. మర్నాడే ఒక నవల పట్టుకెళ్ళాను. సరళ, మాధవరావు అనే ఆలుమగల కథ. బస్సులో నన్ను ఏడిపించిన పుస్తకం అదే.

సరళ మొగుడు పోయిన మధ్యాహ్నం

పార్వతి దాన్ని మనసులో చదువుకోలేదు. అత్తకి పైకి చదివి వినిపించింది. గౌరమ్మ మొదట్లో, "ఆ కాయితాల్లో ఏటున్నాదే" అని కసిరిందట. నాలుగు రోజులు పోయాక నేను వీధి మలుపు తిరగకముందే ఎదురొచ్చి నిలదీసింది.

"పుస్తకాలమ్మా, నువ్వు ముందే సదివీసినావు కదా. ఆ సరళ గుంట మొగుడికి దగ్గొత్తన్నాది. ఆడికేటీ అవదు కదా?"

"నేను చెప్పకూడదు గౌరమ్మా."

"ఓసి నీ దుంప తెగ! సెప్పకూడదంటే అయిపోనాదన్నమాట" అని తల పట్టుకుని అరుగు మీద కూలబడింది. మళ్ళీ లేచి, "పోనీ ఆ రాసినోడికి ఒక కార్డు ముక్క రాసీరాదేటి? ఆ పిల్ల సిన్నది" అంది.

మాధవరావు పోయిన రోజున నేను అక్కడే ఉన్నాను. నడవలో పార్వతి గోడకి చేరబడి చదువుతోంది. గౌరమ్మ ఎదురుగా కత్తిపీట ముందు చింతపండు పెట్టుకుని కూర్చుంది. ఆ పేజీ దగ్గర పార్వతి గొంతు ఆగి ఆగి వచ్చింది. చివరి వాక్యం పూర్తయ్యేసరికి గౌరమ్మ కత్తిపీట పక్కకి నెట్టి, నెత్తి మీద చేతులు పెట్టుకుని రాగం అందుకుంది.

"ఓలమ్మో సరళమ్మో! నీ బతుకిలగైపోనాదా తల్లో! ఓలబ్బో మాధవరావు బాబో, ఆలిని నట్టేట్లో ఒదిలీసి ఎల్లిపోనావా బాబో!"

మా వైపు ఏడుపు పాటలాగే ఉంటుంది, ఒక వరసలో వస్తుంది, ఆపడం ఏడ్చేవాళ్ళ చేతుల్లో ఉండదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఎవులే? ఎవులు పోనారే?" అని నన్నడిగారు. "పుస్తకంలో అతనమ్మా" అన్నాను. "పుస్తకంలోనోడా!" అని ఒకామె నవ్వబోయింది. అంతలోనే గౌరమ్మ రాగం మారింది.

"అంబలి సల్లారబెట్టు అమ్మా, ఇప్పుడే వస్తానని ఎల్లినావు కదరా! కుండ మీద మూత తీసి కూకున్నాను కదరా! అంబలి సల్లారిపోనాదిరా సూరీ! నా సూరిబాబో!"

నవ్వబోయినామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఆపలేదు. పక్కింటి ముసలామె వెళ్ళి గౌరమ్మ మెడ మీద చెయ్యి వేసి తనూ రాగం కలిపింది. పార్వతి పుస్తకం ఒళ్ళోనే ఉంచుకుని, "బావా" అంది. నెలలుగా ఆ పిల్ల నోట రాని పిలుపు అది. నేనూ గోడ వైపు తిరిగి ఏడ్చాను, అబద్ధమెందుకు.

సరిగ్గా అప్పుడే లచ్చుంనాయుడుగారు వీధి గుమ్మంలోంచి వచ్చారు. కర్ర నేలకేసి కొట్టి, "ఏటిది! ఏటి సెప్పినాను నాను!" అన్నారు. రాగం తెగిపోయింది. పార్వతి పైకి రాబోయిన ఏడుపుని మింగేసింది. మింగడం నేను కళ్ళారా చూశాను. ఆయన పార్వతి ఒళ్ళోంచి పుస్తకం లాక్కుని నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపుకి నా సంచీ నాకే బరువైంది.

చెడ్డ పేజీ

మర్నాడు పొద్దున్నే పేపరు చదివే జనం మధ్యలోకి నాయుడుగారు కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చారు. పుస్తకం బల్ల మీద పడేశారు.

"పంతులుగోరూ, మీ పుస్తకాలమ్మ నా ఇంట్లో ఏడుపు తెచ్చి పడీసినాది. పిల్లని కన్నోరింటికి పంపించెత్తాను. ఆ సంచీ నా గుమ్మంలో కనపడిందంటే మరి బాగోదు."

నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. పంతులుగారు నన్నొకసారి చూసి, పుస్తకం తీసి అట్ట దులిపారు. "కూర్చోండి నాయుడుగారూ. ఈ పుస్తకం మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. నేను చదవలేదు. మీకు చదువొచ్చు కదా?"

"వీధిబళ్ళో సదువుకున్నాను."

"అయితే మీరే చదవండి. చెడ్డ పేజీ ఎక్కడుందో గుర్తు పెట్టి తీసుకురండి. నిజంగా చెడ్డదైతే ఇక ఏ ఇంటికీ పంపించను. అంతవరకు ఆ పిల్లని మాత్రం పంపకండి."

నాయుడుగారు కాసేపు గుర్రుగా చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని పోయారు. అందరూ వెళ్ళాక పంతులుగారు నాతో, "నాతో చెప్పకుండా ఇచ్చావు, అది తప్పు. ఇవ్వడం తప్పో కాదో ఆయనే చెప్తాడు" అన్నారు. పై అధికారి అంటే అలా ఉండాలి. తర్వాత చాలామంది కింద పనిచేశాను. వాళ్ళలో సగంమంది అయితే ఆ కర్ర చప్పుడుకే నన్ను బదిలీ చేసేసేవారు.

నేను ఆ వీధి మానేశాను. నాయుడుగారు పొలం గట్టు మీద కూర్చుని, కూడబలుక్కుంటూ చదువుతున్నారని వినికిడి. ఒక్కో అక్షరం పలుకుతూ నవల చదవడం మాటలు కాదు. రోజులు గడిచేకొద్దీ నాకు పార్వతి మాటే గుర్తొచ్చేది. ఏడవకుండానే పంపేస్తారేమో ఆ పిల్లని.

ఒక మధ్యాహ్నం నేను సంచీ సర్దుకుంటుండగా వచ్చారాయన. తుండుగుడ్డలో చుట్టిన పుస్తకం విప్పి బల్ల మీద పెట్టారు. ఒక్కచోట ఎండుగడ్డి పరక గుర్తుంది.

"పుస్తకం మంచిదే పంతులుగోరూ. ఒక్క పేజీ తప్పు."

పంతులుగారు ఆ పేజీ తీసి పైకి చదివారు. మాధవరావుని కాటికి తీసుకెళ్ళినప్పటి సంగతి. అందరూ ఏడుస్తున్నారు, తండ్రి మాత్రం చెక్కు చెదరకుండా నిలబడ్డాడు, ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు అని ఉంది.

"అది అబద్ధం" అన్నారు నాయుడుగారు. "ఆ రాసినోడికి కొడుకు పోయుండడు. ఆ తండ్రి అందరి ముందూ నిలబడ్డాడు, నిజమే. తరవాత పసువుల సాలలోకెల్లి, గడ్డేసినట్టేసి, ఎద్దు మెడ కరుసుకుని ఏడిసినాడు. రోజూ ఏడిసినాడు. ఎవులూ సూడనేదు. అది రాయాల."

గ్రంథాలయంలో ఎవరూ లేరు, మేం ముగ్గురమే. ఆయన తుండుగుడ్డ మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు.

"తండ్రి ఏడిసిన పుస్తకం ఏదైనా ఉంటే ఇయ్యండి."

మేమిద్దరం బీరువాలు వెతికాం. పంతులుగారు ముక్కు పైకి లేపకుండా నవలలు ముట్టుకోవడం నేను చూసింది ఆ రోజే. తల్లులు ఏడ్చినవి ఉన్నాయి, ఆలులు, అక్కచెల్లెళ్ళు, ప్రేమించి భంగపడ్డవాళ్ళు ఏడ్చినవి కోకొల్లలు. ఏడ్చే తండ్రి ఒక్కడూ దొరకలేదు.

పంతులుగారు బీరువా మూసి, దుమ్ము చేతులతోనే వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నారు. "లేదు నాయుడుగారూ. పుస్తకంలో లేకపోతే పోనీండి. ఇంటికెళ్ళి మీ ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ఏడవండి. ఎద్దుకేం తెలుసు పాపం!"

నాయుడుగారు కర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

మళ్ళీ సంచీ

ఆ తర్వాతి వారం భయం భయంగానే ఆ గుమ్మం ఎక్కాను. గౌరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"నీతో సెప్పాల. ఆ రోజు మా ముసలోడు ఇంటికొచ్చి, నట్టింట్లో నేల మీద కూకున్నాడు. కర్ర అవతలికి ఇసిరీసినాడు. 'అంబలి సల్లారిపోనాదే గౌరీ' అన్నాడు. అనీసి, సిన్నపిల్లడిలాగ గోలెత్తీసినాడు. నాను, నా కోడలు ఆడ్ని పట్టుకుని... దీపాలెట్టే యాళ దాకా ముగ్గురం ఒకటే ఏడుపు. ఎవులూ ఎవుల్నీ ఆపనేదు. పార్వతి 'బావా బావా' అని నేల మీద పడి దొర్లీసినాది. ఇన్నాళ్ళకి నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నాది."

పార్వతి లోపల్నుంచి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గాని మొహం తేటగా ఉంది. సంచీలో మళ్ళీ ఏడుపు పుస్తకాలే తీసుకెళ్ళాను నేను. వాటిని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, మొదట్లో నువ్వొక నవ్వుల పుస్తకం తెచ్చినావు కదా. సదవకుండానే ఇచ్చీసినాను. అది మళ్ళీ తెచ్చిపెడతావా?" అంది.

ఆ మాట పంతులుగారికి చెప్తే, "చూశావా, నేను మొదట్నుంచీ అదే చెప్పాను" అని ముక్కు ఎగరేశారు. ఆయనతో ఎవరు వాదిస్తారు?

ఆ వైశాఖంలో పార్వతికి మారుమనువు అయింది. కొత్త ఇంటికి పంపేటప్పుడు తండ్రి స్థానంలో నాయుడుగారే నిలబడ్డారు. ఈసారి అందరి ముందూ ఏడ్చారు. మీరు రేపు ఏ ఊళ్ళో పని చేసినా, ఏ మనిషికి ఏ పుస్తకం మంచిదో మీకు ముందే తెలుసనుకోకండి. అడిగినప్పుడు ఇవ్వండి. అడగడానికి ఆ మనిషికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో మీకు తెలియదు.

నాకు మాత్రం ఆ ఇల్లు తలుచుకుంటే ఆ నవ్వుల పుస్తకం తీసుకెళ్ళిన మధ్యాహ్నమే గుర్తొస్తుంది. పార్వతి గోడకి చేరబడి పుస్తకం తెరిచింది. గౌరమ్మ చింతపండు తట్ట ముందుకి లాక్కుంది.

"నవ్వులదేటి? మంచిదే, సదువు" అంది కోడలితో. మళ్ళీ నా వైపు తిరిగింది. "ఏడుపు మా ఇంట్లోనే ఉన్నాదమ్మా. ఇదే బయటి నుండి తెచ్చుకోవాల."

పార్వతి చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీ తిప్పిందో లేదో, పెరట్లో పశువుల సాలలోంచి నాయుడుగారి కేక వినపడింది.

"ఒసే, గట్టిగా సదవండే! ఇక్కడికి ఇనపడ్డం నేదు!"